షటిల్ కోర్టు పక్క బెంచి మీద పరిచయాలు: యువ ఉద్యోగుల గ్రూపు ఎలా మొదలుపెట్టాలి

హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి మూడు నాలుగేళ్ళు గడిచినా చాలామందికి ఊళ్ళో తెలిసినవాళ్ళంటే ఆఫీసువాళ్ళు, రూమ్మేట్లు, అంతే. కంపెనీ మారితే ఆఫీసువాళ్ళు దూరమవుతారు, పెళ్ళయితే రూమ్మేట్లు దూరమవుతారు. ఇంటి ఓనరు అడ్వాన్సు తిరిగివ్వనంటే ఏ లాయర్ని అడగాలో తెలియదు. ఫలానా కంపెనీ నుంచి ఆఫర్ వస్తే, అక్కడ పని నిజంగా ఎలా ఉంటుందో చెప్పేవాళ్ళు దొరకరు. నేనూ అలాగే ఉండేవాడిని. నా పరిస్థితిని మార్చింది కొండాపూర్ వైపు ఉన్న ఒక షటిల్ క్లబ్. ఆరేళ్ళుగా అక్కడ ప్రతి ఆదివారం పొద్దున యువ ఉద్యోగుల గ్రూపు ఒకటి నడుపుతున్నాం. మీ పేటలో అలాంటిది మీరు మొదలుపెట్టాలంటే ఏం చేయాలో, ఏది ముందు ఏది వెనక చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

ఒక్క సంగతి మాత్రం మొదటే చెప్పాలి. ఆడుతున్నంతసేపూ ఎవరూ ఎవరికీ పరిచయం కారు. "నాది", "వదిలెయ్", "సారీ బ్రో" తప్ప కోర్టులో ఇంకో మాట ఉండదు. మనుషులు కలిసేది కోర్టు పక్కన, తమ వంతు కోసం కూర్చున్నప్పుడు. టవల్‌తో మొహం తుడుచుకుంటూ, ఎదురుగా జరుగుతున్న ఆట చూస్తూ, "ఆవిడ డ్రాప్ చూశారా, ఎంత మెత్తగా వేసిందో" అని పక్కవాళ్ళతో అన్న దగ్గర మొదలవుతుంది మాట. మేము మొదటి ఏడాది ఇది గమనించలేదు. పదహారు మందికి నాలుగు కోర్టులు తీసుకున్నాం. అందరూ రెండు గంటలూ ఆపకుండా ఆడారు, ఎవరి బండి వాళ్ళు తీసుకుని వెళ్ళిపోయారు. ఆరు నెలలు గడిచినా సగం మందికి సగం మంది పేర్లు తెలియవు. అప్పుడు ఒక కోర్టు తగ్గించి, ఇద్దరు మనుషుల్ని పెంచాం. అక్కడి నుంచే గ్రూపు గ్రూపయింది.

ఏ ఆట?

నేను షటిల్ గురించే రాస్తున్నాను, ఎందుకంటే హైదరాబాద్‌లో ఇప్పుడు కోర్టు లేని పేట లేదు. 2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలవడం, 2008లో గచ్చిబౌలిలో ఆయన అకాడమీ మొదలవడం, 2012లో సైనా ఒలింపిక్ పతకం, 2016లో సింధు రజతం, ఆ తర్వాత టోక్యోలో ఆమెకే కాంస్యం. వీటన్నిటి వెనకాలే రేకుల షెడ్డుల్లో కోర్టులు పుట్టుకొచ్చాయి. డబుల్స్ ఒక గేమ్ పావుగంటలో అయిపోతుంది కాబట్టి మనుషులు త్వరత్వరగా మారుతుంటారు. చిన్నప్పుడు ఇంటి ముందు తాడు కట్టి ఆడని తెలుగు పిల్లలు అరుదు కనుక "నాకు రాదు" అనేవాళ్ళూ తక్కువే.

మీ ఊళ్ళో టేబుల్ టెన్నిస్ బాగుంటే అదే పెట్టుకోండి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్ళు వారాంతంలో ఆడే క్రికెట్‌కీ ఈ పద్ధతి పనికొస్తుంది. బ్యాటింగ్ చేసే జట్టులో తొమ్మిది మంది ఎప్పుడూ బయట కూర్చునే ఉంటారు, అంతకంటే పెద్ద బెంచి ఇంకేం కావాలి! పరుగు మాత్రం ఈ పనికి నేను చెప్పను. నాకు పరుగంటే ఇష్టమే, 2007 నుంచి నడుస్తున్న హైదరాబాద్ రన్నర్స్ అంటే గౌరవమూ ఉంది. కానీ పరుగులో ఒకే వేగం ఉన్నవాళ్ళు ఒకచోట చేరతారు. వారం వారం అదే నలుగురు.

క్లబ్‌తో మాట్లాడటం

సికింద్రాబాద్ క్లబ్ 1878 నాటిది, నిజాం క్లబ్ 1884 నాటిది. అలాంటి పాత క్లబ్బుల్లో మీరో మీ ఇంట్లోవాళ్ళో సభ్యులైతే స్పోర్ట్స్ సెక్రటరీని కలిసి, యువ సభ్యులకూ వాళ్ళ అతిథులకూ వారానికి ఒక పూట అడగండి. అతిథికి ఎంత రుసుము, నెలకు ఎన్నిసార్లు తీసుకురావచ్చు అన్నది ముందే తేల్చుకోండి. సభ్యత్వం లేనివాళ్ళు వాటి వైపు చూడకపోవడమే మంచిది, ఏళ్ళు పడుతుంది. గంటల లెక్కన కోర్టు అద్దెకిచ్చే క్లబ్బులూ, ప్రభుత్వ స్పోర్ట్స్ కాంప్లెక్సులూ మనకు సరిపోతాయి.

మేనేజర్‌ని కలిసినప్పుడు "డిస్కౌంట్ ఇస్తారా" అని మొదలుపెట్టకండి. "ఆదివారం ఆరు నుంచి ఎనిమిది దాకా మూడు కోర్టులు, మూడు నెలలు, ప్రతి నెలా మొదటి తేదీనే డబ్బు కట్టేస్తాం" అనండి. నెలల తరబడి ఖాయంగా వచ్చే అద్దె వాళ్ళకు కావాలి, డిస్కౌంట్ మాట వాళ్ళ నోటి నుంచే వస్తుంది. కాగితం మీద నాలుగు లైన్లు రాయించుకోండి: రోజు, వేళ, కోర్టుల నంబర్లు, టోర్నమెంట్ పడితే మన స్లాట్ ఏమవుతుంది. ఈ చివరి లైను రాయించుకోక మేము ఒక డిసెంబరులో మూడు వారాలు రోడ్డు మీద పడ్డాం. పద్దెనిమిది మంది గేటు బయట బ్యాట్లు పట్టుకుని నిలబడ్డ ఆ పొద్దు నాకిప్పటికీ గుర్తుంది.

డబ్బు కట్టేముందు మీకు కావాల్సిన వేళకే వెళ్ళి చోటు చూడండి. నేల చెక్కదా, సింథటిక్ మ్యాటా, ఉత్త సిమెంటా? సిమెంటు మీద మాత్రం వద్దు, మోకాళ్ళకు మంచిది కాదు. ఆడవాళ్ళ టాయిలెట్‌కి గడియ ఉందా, కుళాయిలో నీళ్ళొస్తున్నాయా అన్నది ఎవరినో అడిగి ఊరుకోవద్దు, గ్రూపులో చేరబోయే ఒక అమ్మాయిని తీసుకెళ్ళి చూపించండి. కోర్టుల పక్కన ఆరుగురు వరసగా కూర్చునే చోటుందో లేదో చూడండి. ప్లాస్టిక్ కుర్చీలు వేసుకోవద్దు. కుర్చీ దూరంగా లాక్కుని ఫోన్ చూసుకోవచ్చు. బెంచి మీదైతే పక్కవాళ్ళు పక్కనే ఉంటారు. మా క్లబ్‌లో బెంచి లేకపోతే అందరం డబ్బులేసుకుని, వడ్రంగి చేత ఎనిమిదడుగుల బెంచి ఒకటి చేయించి అక్కడే వదిలేశాం.

ఇంకొకటి. నడిచి వెళ్ళే దూరంలో ఒక టిఫిన్ సెంటర్ ఉండాలి. ఇది ఎందుకో కిందకొచ్చాక చెప్తాను.

మొదటి పద్దెనిమిది మంది

ఇక్కడే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెడితే రెండు గంటల్లో ముప్ఫై మంది వచ్చేస్తారు. కానీ అది మీ ఆఫీసు షటిల్ గ్రూపవుతుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా మాట్లాడుకున్న మేనేజరు కబుర్లే ఆదివారమూ మాట్లాడుకుంటారు.

1973లో అచ్చయిన ఒక పరిశోధన కోసం అమెరికాలో మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త, తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళను ఒక ప్రశ్న అడిగాడు: ఆ కబురు చెప్పిన మనిషిని మీరు ఆ రోజుల్లో ఎంత తరచుగా కలిసేవారు? తరచూ కలిసే మనిషే చెప్పాడన్నవాళ్ళు నూటికి 17 మందే. సగానికి పైగా మందికి చెప్పింది అప్పుడప్పుడూ కలిసేవాళ్ళు. కారణం తేలికే. మన దగ్గరివాళ్ళకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది. కొత్త కబురు వేరే గుంపులోంచి రావాలి.

అందుకని మాకొక నియమం ఉంది: ఒక కంపెనీ నుంచి ముగ్గురికి మించి వద్దు, సాఫ్ట్‌వేర్‌వాళ్ళు సగానికి మించి వద్దు. మిగతా సగం కోసం వెతకాల్సిందే. మీ ఫిజియోథెరపిస్టును అడగండి. బ్యాంకులో కౌంటర్ దగ్గర కూర్చున్న కుర్రాణ్ణి, అపార్ట్‌మెంట్ లెక్కలు చూసే సీఏ అమ్మాయిని, కోర్టుకు వెళ్ళే జూనియర్ లాయర్ని, గవర్నమెంట్ స్కూలు టీచర్ని, ఫార్మా ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళని అడగండి. వీళ్ళు "మాకెందుకండీ నెట్‌వర్కింగ్" అంటారు. ఆ మాట ఎత్తకండి. "ఆదివారం షటిల్ ఆడదాం రండి" అనండి, వస్తారు. మా గ్రూపులో ఇప్పటికీ నెట్‌వర్కింగ్ అన్న మాట ఎవరూ వాడరు.

ఆట ఎంత వచ్చన్నది రెండో విషయం. సర్వీస్ వేయగలిగితే చాలు.

పేక కట్ట

ఎవరిష్టానికి వాళ్ళని వదిలేస్తే బాగా ఆడేవాళ్ళు నలుగురూ ఒక కోర్టు పట్టుకుంటారు, కొత్తవాళ్ళు మూలకు చేరతారు. దీనికి మేము కనిపెట్టిన మందు ఒక పాత పేక కట్ట.

మూడు కోర్టులు, పద్దెనిమిది మంది అనుకోండి. పన్నెండు మంది ఆడతారు, ఆరుగురు కూర్చుంటారు. కట్టలోంచి నాలుగు ఆసులు, నాలుగు రెళ్ళు, నాలుగు మూళ్ళు తీయండి. ఆసు వచ్చినవాళ్ళు ఒకటో కోర్టు, రెండు వచ్చినవాళ్ళు రెండో కోర్టు, మూడు వచ్చినవాళ్ళు మూడో కోర్టు. ఎర్ర ముక్కలు రెండూ ఒక జోడీ, నల్ల ముక్కలు రెండూ ఎదుటి జోడీ. కూర్చునేవాళ్ళ కోసం నాలుగు కింగులు, రెండు జోకర్లు కలపండి. మొత్తం పద్దెనిమిది ముక్కలు. బోర్లా పరిచి ఒక్కొక్కరూ ఒకటి తీసుకోవాలి.

రెండో రౌండు నుంచి చిన్న మార్పు. ఇందాక కూర్చున్న ఆరుగురూ ముందుగా ఆసులు, రెళ్ళు, మూళ్ళు మాత్రమే ఉన్న పన్నెండు ముక్కల్లోంచి తీస్తారు. అంటే వాళ్ళు తప్పకుండా ఆడతారు. మిగిలిన ఆరు ముక్కల్లో కింగులు, జోకర్లు కలిపితే పన్నెండవుతాయి. ఇందాక ఆడిన పన్నెండు మందీ వాటిలోంచి తీస్తారు. ఎవరూ వరసగా రెండుసార్లు కూర్చోరు. పదహారు మందే వస్తే జోకర్లు తీసేయండి. పన్నెండు మందే వస్తే మూడో కోర్టు వదిలేసి, మూళ్ళు, జోకర్లు తీసేసి రెండు కోర్టులతో ఆడండి.

పావుగంటకొక రౌండు లెక్కన రెండు గంటల్లో ఎనిమిది రౌండ్లు పడతాయి. ఒక్కొక్కరికి ఐదారు ఆటలు, నలభై నిమిషాల బెంచి. ఆ నలభై నిమిషాలు ఒకరి పక్కన కాదు, ప్రతిసారీ కొత్త ఐదుగురి పక్కన. గ్రూపులో ఎంత తక్కువ మాట్లాడేవాళ్ళకైనా రెండు నెలల్లో అందరితో కనీసం ఒక్కసారి మాట కలుస్తుంది. పావుగంటకు గేమ్ పూర్తి కాకపోతే ముందున్నవాళ్ళే గెలిచినట్టు. ఒకరు ఫోన్‌లో అలారం పెట్టుకుని గట్టిగా "మారండి" అనాలి.

బాగా ఆడేవాళ్ళు మొదట్లో సణుగుతారు. సరైన ఆట పడటం లేదంటారు, అందులో న్యాయం ఉంది. వాళ్ళ కోసం చివరి అరగంట ఒక కోర్టు వదిలేయండి. మిగతా సమయంలో మాత్రం కట్ట చెప్పినట్టే. అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్‌నీ, ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టినీ 2016లో జోడీగా కలిపింది వాళ్ళిద్దరూ కాదు, మలేషియా కోచ్ టాన్ కిమ్ హెర్. ఇద్దరూ వెనక నుంచి స్మాష్‌లు కొట్టే రకమే, పైగా ఒకరి భాష ఒకరిది కాదు. 2023 అక్టోబరులో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచి ప్రపంచ నంబర్ వన్ అయింది ఆ జోడీయే. మా బెంచి మీద ఈ కథ చాలాసార్లు చెప్పుకున్నాం.

బెంచి మీద మాట

బెంచి మీద మేము అడగొద్దనుకున్నవి కొన్ని ఉన్నాయి. జీతం ఎంత అని అడగొద్దు. పెళ్ళెప్పుడు అని అడగొద్దు. మూడోది కాస్త లోతుగా చెప్పాలి.

"మీదే ఊరండీ?" అని అడగడం మనకు అలవాటు. శ్రీకాకుళం అంటే శ్రీకాకుళం, కరీంనగర్ అంటే కరీంనగర్. అక్కడ ఆగితే అందమైన ప్రశ్నే. కానీ చాలాసార్లు అక్కడ ఆగదు. ఊరి తర్వాత ఇంటిపేరు, ఇంటిపేరు తర్వాత "అయితే మీరు మావాళ్ళేనా?" దాకా వెళ్తుంది. ఆ ప్రశ్నకు ఔనన్నవాళ్ళు నలుగురు ఒకవైపు చేరతారు. కాదన్నవాళ్ళు ఒక్కొక్కరే రావడం మానేస్తారు, ఎందుకు మానేశారో ఎప్పటికీ చెప్పరు. మా గ్రూపులో పేర్ల జాబితాలో ఇంటిపేర్లు రాయం. యాసను వెక్కిరించడం కూడా అలాంటిదే. అనంతపురం మాటను, ఆదిలాబాద్ మాటను ఎవరైనా అనుకరించి నవ్వించబోతే, అక్కడే, అప్పుడే వద్దని చెప్పాలి. పక్కకు తీసుకెళ్ళి చెబుదాంలే అనుకుంటే ఆలస్యమైపోతుంది.

పిలుపు సంగతి: మొదటి రోజు పేరు పెట్టి "గారు", ఆ తర్వాత అన్నా, అక్కా, తమ్ముడూ ఎలా కలిస్తే అలా. "సార్", "మేడమ్" మాత్రం గేటు బయటే. ఒక డాక్టరు గారిని అందరూ సార్ సార్ అంటుంటే ఆయన పాపం మూడు వారాలు బెంచి చివరే కూర్చున్నారు. అన్నా అనడం మొదలయ్యాక మధ్యలోకొచ్చారు.

సాఫ్ట్‌వేర్‌వాళ్ళకు బెంచి అన్న మాటే టెన్షన్. ప్రాజెక్టు లేకుండా ఖాళీగా ఉండటాన్ని వాళ్ళ భాషలో బెంచి అంటారు. ఒక వర్షాకాలం పొద్దున, మా చెక్క బెంచి మీద ఒక కుర్రాడు జోకర్ ముక్క పట్టుకుని కూర్చున్నాడు. ముక్క మూలను బొటనవేలితో మడిచి విప్పి, మడిచి విప్పి చేస్తున్నాడు. పక్కన ఉన్న ఫిజియో అమ్మాయి "ఏమైంది తమ్ముడూ, చెయ్యి నొప్పా?" అంది. చెయ్యి నొప్పి కాదు. ఉద్యోగం పోయి ఏడు వారాలైంది. ఇంట్లో చెప్పలేదు. మాకూ చెప్పలేదు, ఏడు ఆదివారాలూ వచ్చి ఆడి వెళ్ళాడు. ఆ అమ్మాయి సలహా ఏమీ ఇవ్వలేదు. "టిఫిన్‌కి ఉండు" అంది, అంతే. టిఫిన్ దగ్గర ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో పనిచేసే ఇంకో సభ్యుడి పక్కన కూర్చోబెట్టింది. ఉద్యోగం ఆ కంపెనీలో రాలేదు. కానీ రెజ్యూమె రెండుసార్లు తిరగరాయించింది, మూడు ఇంటర్వ్యూలకు ప్రాక్టీసు చేయించింది ఆ సభ్యుడే. నాలుగో నెలలో వేరేచోట చేరాడు. ఆ జోకర్ ముక్క మూల ఇప్పటికీ మడతపడే ఉంది.

టిఫిన్ దగ్గర ఒక్క నిమిషం

ఎనిమిదింటికి ఆట అయిపోగానే ఇళ్ళకు వెళ్ళనివ్వకండి. టిఫిన్ సెంటర్‌లో ఇడ్లీ, పెసరట్టు ఉప్మా, చాయ్, ముప్పావుగంట. ఎవరి బిల్లు వాళ్ళదే. పార్టీ అని సాయంత్రం బార్‌లో పెట్టే గ్రూపుల్ని చూశాను. అక్కడికి రానివాళ్ళు కొద్దికొద్దిగా గ్రూపుకే దూరమవుతారు. పొద్దున పూట ఇడ్లీకి రాలేనివాళ్ళు ఉండరు.

చాయ్ వచ్చాక, ఆ వారం చెప్పదలచుకున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు, ఒక్కొక్కరూ ఒక్క నిమిషం, ఒకటి అడగాలి లేదా ఒకటి ఇవ్వాలి. "మా చెల్లి ఫార్మసీ పూర్తిచేసింది, ల్యాబ్ ఉద్యోగాల గురించి చెప్పేవాళ్ళు కావాలి" అన్నది అడగడం. "రిటర్న్స్ వేసే నెల వస్తోంది, ఆఫీసువాళ్ళిచ్చే పన్ను కాగితం చదవడం ఎలాగో వచ్చే ఆదివారం చెప్తాను" అన్నది ఇవ్వడం. ఎంత చిన్నదైతే అంత మంచిది. "ఏదైనా ఉద్యోగం ఉంటే చూడండి" అంటే ఎవరూ చూడలేరు. "బ్యాంకింగ్ ప్రాజెక్టుల్లో టెస్టింగ్ చేస్తాను, నాలుగేళ్ళ అనుభవం, నోటీసు నెల రోజులు" అంటే వినేవాళ్ళకు వెంటనే ఒక మొహం గుర్తొస్తుంది.

ఇంగ్లీషులోనే చెప్పాలన్న భయంతో నోరు విప్పనివాళ్ళు చాలామంది ఉంటారు. మొదటి వారం మీరే తెలుగులో మొదలుపెట్టండి. తెలుగు రానివాళ్ళు ఉంటే పక్కవాళ్ళు చెప్తారు.

డబ్బు, వాట్సాప్

లెక్క చూపిస్తాను. కోర్టు గంటకు 450 రూపాయలు అనుకుంటే మూడు కోర్టులకు రెండు గంటలకు 2,700. షటిల్ కాక్‌లకు 540 అనుకోండి. మొత్తం 3,240, పద్దెనిమిది మందికి తలా 180. శుక్రవారం రాత్రి తొమ్మిదిలోపు యూపీఐలో డబ్బు పంపినవాళ్ళ పేరే జాబితాలో ఉంటుంది. శనివారం మధ్యాహ్నం తర్వాత రానంటే డబ్బు వెనక్కి ఇవ్వడం లేదు, బదులు మనిషిని పంపొచ్చు. నెలాఖరుకు లెక్క అందరికీ పంపండి, పది రూపాయలు మిగిలినా సరే. కొత్తగా ఉద్యోగం పోయినవాళ్ళ దగ్గర మూడు నెలలు డబ్బు తీసుకోవద్దు. ఆ సంగతి డబ్బు చూసేవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియకూడదు.

వాట్సాప్‌లో రెండు గ్రూపులు చాలు. ఒకటి అడ్మిన్లు మాత్రమే రాసేది, రెండోది ఉద్యోగాల కబుర్లకు. గుడ్ మార్నింగ్‌లు, రాజకీయాలు, ఫార్వార్డులు దేంట్లోనూ వద్దు. సభ్యుల నంబర్లు బయటివాళ్ళకు ఇవ్వకూడదని మొదటి రోజే ఒప్పించుకోండి.

అమ్మకాలు, రిఫరల్స్

రెండో ఏడాది మా గ్రూపులో ఒకాయన చేరారు. ఆడేది తక్కువ, బెంచి మీద కూర్చుని బీమా పాలసీలు చెప్పేది ఎక్కువ. మంచి మనిషే, ఎవరినీ నొప్పించింది లేదు. కానీ రెండు నెలల్లో పద్దెనిమిది మంది పదకొండయ్యారు. అప్పటి నుంచి నియమం: బెంచి మీద అమ్మకం లేదు. ఎవరేం చేస్తారో అందరికీ తెలుసు, కావాల్సినవాళ్ళే అడుగుతారు.

కొన్ని వృత్తుల్లో ఇది మర్యాదకు సంబంధించింది మాత్రమే కాదు, నియమం. న్యాయవాదులు పని కోసం తమంతట తాము ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధన. చార్టర్డ్ అకౌంటెంట్లకు 1949 చట్టం కింద అలాంటి కట్టడే ఉంది. రోగుల్ని పంపినందుకు డాక్టర్లు కమిషన్ తీసుకోకూడదని వాళ్ళ 2002 ప్రవర్తనా నియమావళి చెబుతోంది. కాబట్టి "నెలకు ఇన్ని రిఫరెన్సులు ఇవ్వాలి" అని లెక్కపెట్టే పద్ధతి మన గ్రూపులో పెట్టకండి. మన లాయర్నీ డాక్టర్నీ మనమే ఇబ్బందిలో పెట్టినవాళ్ళమవుతాం.

కంపెనీలో రిఫరల్ ఇవ్వడం, అంటే ఉద్యోగానికి తెలిసినవాళ్ళ పేరు సూచించడం మీద నా మాట వినండి. ఒకసారి రెండు ఆదివారాల పరిచయంతో ఒకరిని రిఫర్ చేశాను. ఇంటర్వ్యూ దాకా వెళ్ళి చెప్పకుండా మానేశాడు. మా హెచ్ఆర్ నన్ను అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు మా పద్ధతి: కనీసం పది ఆదివారాలు వచ్చినవాళ్ళే రిఫరల్ అడగాలి. రిఫర్ చేసేవాళ్ళు కాదంటే కారణం అడగకూడదు. ఆఫీసు లోపలి కాగితాలు, ఇంకా బయటికి రాని ఖాళీలు గ్రూపులో పెట్టకూడదు. రిఫరల్ బోనస్ వస్తే ఏం చేయాలన్నది మీ ఇష్టం. మా దగ్గర చాలామంది ఆ వారం అందరికీ టిఫిన్ పెట్టించారు.

అమ్మాయిలు రావాలంటే

పద్దెనిమిది మందిలో ఒక్కరే అమ్మాయి ఉంటే రెండో వారం ఆమె రాదు. కనీసం నలుగురితో మొదలుపెట్టండి, వాళ్ళను పిలిచే బాధ్యత ఒక అమ్మాయికే ఇవ్వండి. ఆటకు సంబంధం లేని మెసేజ్ రాత్రిపూట ఎవరికైనా పంపితే ఎవరికి చెప్పాలో ముందే తెలియాలి. ఇద్దరు పేర్లు, అందులో ఒకరు తప్పకుండా ఆడమనిషి. చెప్పిన రోజే మాట్లాడాలి, వచ్చే మీటింగ్ దాకా ఆగకూడదు. డబుల్స్‌లో అమ్మాయి పార్ట్‌నర్ అయినప్పుడు కోర్టంతా తామే పరిగెత్తి కొట్టేవాళ్ళు ఉంటారు. అదీ చెప్పి మాన్పించాల్సిందే.

ఒంటి సంగతి

వారమంతా కుర్చీలో కూర్చుని ఆదివారం ఒక్కసారిగా గంతులేస్తే మడమ, మోకాలు పట్టేస్తాయి. ఆరింటికి ఆట మొదలయ్యేముందే పది నిమిషాల వార్మప్. నాన్ మార్కింగ్ షూస్ (నేల మీద మరకలు పడనివి) లేనివాళ్ళు ఆ రోజు బెంచి మీదే. నైట్ షిఫ్ట్ నుంచి నేరుగా వచ్చినవాళ్ళను, జ్వరం తగ్గి రెండు రోజులు కూడా కానివాళ్ళను ఆడనివ్వకండి, టిఫిన్‌కి మాత్రం ఉండమనండి. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగడం, కళ్ళు తిరగడం అని ఎవరన్నా "గ్యాసేమోలే" అని సర్దుకోవద్దు. ఆట ఆపాలి.

గ్రూపులో కనీసం నలుగురికి సీపీఆర్, అంటే గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కడం, వచ్చి ఉండాలి. మనిషి కుప్పకూలి పిలిస్తే పలకకపోతే, ఊపిరి సరిగా లేకపోతే, ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు వెంటనే ఛాతీ మధ్యలో ఒక అరచేతి మీద ఇంకో అరచెయ్యి పెట్టి నొక్కడం మొదలుపెట్టాలి. ఐదారు సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, సాయం వచ్చేదాకా ఆపకుండా. మూడో మనిషి గేటు దగ్గరికెళ్ళి అంబులెన్సుకు దారి చూపాలి. చదివితే వచ్చే పని కాదిది. మీ గ్రూపులో ఉన్న డాక్టరునో నర్సునో అడిగి, బొమ్మ మీద నొక్కి నేర్చుకోండి. మేము ఏటా జనవరి మొదటి ఆదివారం ఆట మానేసి ఇదే చేస్తాం.

ఏడాది దాటాక

పేర్లు ముప్ఫై దాటితే కోర్టులు పెంచకండి, రెండో గ్రూపు మొదలుపెట్టండి. మియాపూర్‌వాళ్ళు మియాపూర్‌లో, ఎల్బీ నగర్‌వాళ్ళు ఎల్బీ నగర్‌లో. మూడు నెలలకొకసారి రెండు గ్రూపులూ కలిసి ఆడితే సరిపోతుంది. పెద్ద టోర్నమెంట్ పెట్టాలన్నా, క్లబ్‌తో ఏళ్ళ ఒప్పందం చేసుకోవాలన్నా, బ్యాంకు ఖాతా గ్రూపు పేరు మీద ఉండాలన్నా సొసైటీగా రిజిస్టర్ చేయించుకోవచ్చు. మన రెండు రాష్ట్రాల్లోనూ 2001 సొసైటీల చట్టం ఉంది, కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఆ అవసరం రానంతవరకు వద్దు. అధ్యక్షుడు, కార్యదర్శి అన్న కుర్చీలు వేసిన రోజు నుంచి బెంచి మీద కూర్చునేవాళ్ళు తగ్గడం నేను వేరే గ్రూపుల్లో చూశాను.

నడిపే పని మాత్రం ఆర్నెల్లకొకసారి చేతులు మారాలి. ఒకరు డబ్బు, ఒకరు జాబితా, ఒకరు సామాను. సామానంటే ఒక సంచి: కాక్‌ల డబ్బాలు, గ్రిప్ టేపు, క్రేప్ బ్యాండేజీ, నొప్పి స్ప్రే, పేక కట్ట, సభ్యుల పేర్లు, రక్తం గ్రూపులు, ఇంట్లోవాళ్ళ నంబర్లు రాసిన చిన్న పుస్తకం.

మొదటి ఆదివారం మీరు ఐదూ నలభైకే చేరుకోండి. వాచ్‌మన్ చేత లైట్లు వేయించండి, నెట్లు సరిగ్గా బిగించారో లేదో చూడండి, బెంచి మీద దుమ్ము తుడవండి. కొత్తగా వచ్చేవాళ్ళు లోపలికి రావాలా వద్దా అని గేటు దగ్గరే తచ్చాడుతుంటారు. అక్కడే నిలబడి, ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి, చేతికి ఒక ముక్క ఇవ్వండి.